పెట్-సీటీయా, పెట్-ఎమ్మారైయా, ఉత్త సీటీ చాలా? ఏ స్కాన్ ఎక్కడ పొరబడుతుందో చూసి ఎంచుకోండి

తెర మీద ఛాతీ చిత్రం. కుడి ఊపిరితిత్తి అడుగున నిప్పురవ్వంత చుక్క ఒకటి మెరుస్తోంది. కణాల పనిని చూపే పెట్ చిత్రంలో అది స్పష్టంగా ఉంది. అదే చోట, అవయవాల రూపాన్ని చూపే సీటీ చూస్తే గాలి నిండిన నల్లటి ఊపిరితిత్తి తప్ప మరేమీ లేదు. తొందరపడితే "క్యాన్సర్ ఊపిరితిత్తికి పాకింది" అని రిపోర్టులోకి ఎక్కిపోతుంది. అనుభవమున్న వైద్యులు అలా రాయరు. మౌస్ చక్రం తిప్పుతూ సీటీని నాలుగైదు స్లైసులు కిందికి జరిపి, కాలేయం పై అంచు దగ్గర ఆగుతారు. ఆ చుక్క అక్కడిది.

జరిగింది ఇంతే. సీటీ కొన్ని సెకన్లలో ముగిసింది. ఆ క్షణంలో రోగి ఊపిరి బిగబట్టి ఉన్నాడు కాబట్టి కాలేయం కిందికి దిగి ఉంది. పెట్ మాత్రం ఆ భాగాన్ని నిమిషాల తరబడి చూసింది. ఆ సేపంతా ఊపిరి ఆడుతూనే ఉంది, కాలేయం పైకీ కిందికీ కదులుతూనే ఉంది. రెండు చిత్రాలను ఒకదానిపై ఒకటి పరిచినప్పుడు కాలేయంలోని మచ్చ ఊపిరితిత్తిలో ఉన్నట్టు కనిపించింది.

రూపాన్ని చూపే స్కాన్, కణాల పనిని చూపే స్కాన్ కలిపి తీయడం వల్ల ఇలాంటి చిక్కులు వస్తాయి. ఇలాంటి చిక్కులు విడిపోయేదీ ఆ కలయిక వల్లనే. ఏ స్కాన్ గొప్పదని అడిగితే అమ్మేవాళ్లు చెప్పే జవాబే వస్తుంది. ఏది ఎక్కడ పొరబడుతుంది, ఆ పొరపాటు మన విషయంలో ఎంత నష్టం చేస్తుంది అని అడిగితే ఎంపిక చాలావరకు తేలిపోతుంది. ఈ పోలికంతా ఆ లెక్కన రాసినదే. నిర్ణయం మీ కేసు తెలిసిన ఆంకాలజిస్టుదే. ఆయనను ఏమేమి అడగాలో తెలిస్తే మాత్రం ఆ సంభాషణ తీరే మారుతుంది.

## ముందు తేల్చుకోవలసినవి

మొదటిది, స్కాన్ ఎందుకు? రోగం ఏ దశలో ఉందో తెలుసుకోవడానికా, మందు పనిచేస్తోందో లేదో చూడడానికా, చికిత్స ముగిశాక తిరగబెట్టిందన్న అనుమానం వల్లనా, బయాప్సీకి సూది ఎక్కడ గుచ్చాలో తేల్చడానికా? ఒకే రోగికి ఈ నాలుగు సందర్భాల్లో నాలుగు వేర్వేరు స్కాన్లు సరైనవి కావచ్చు.

రెండోది, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది: మీ క్యాన్సర్ చక్కెర తింటుందా? మామూలు పెట్ స్కాన్‌లో ఎక్కించేది ఎఫ్‌డీజీ, అంటే ఫ్లోరిన్-18 (కిరణాలు వెలువరించే ఫ్లోరిన్) తగిలించిన గ్లూకోజ్ లాంటి పదార్థం. కణితి కణాలు గ్లూకోజ్‌ను విపరీతంగా లాక్కుంటాయని ఒట్టో వార్‌బర్గ్ 1920లలోనే గమనించాడు. ఎఫ్‌డీజీ గ్లూకోజ్ వెళ్లే దారిలోనే కణంలోకి వెళ్తుంది. అక్కడ ఒక ఎంజైము దానికి ఫాస్ఫేటును తగిలిస్తుంది. ఆ తర్వాతి మెట్టు అది ఎక్కలేదు, వెనక్కి రావడమూ కష్టమే. లోపలే చిక్కుబడి ఉంటుంది, ఎక్కడ ఎక్కువ పోగైతే అక్కడ చిత్రం వెలుగుతుంది. ఫ్లోరిన్-18 దాదాపు 110 నిమిషాలకు సగమవుతుంది కాబట్టి పని ముగిసేదాకా నిలుస్తుంది, రోజుల తరబడి ఒంట్లో ఉండిపోదు.

అన్ని క్యాన్సర్లకూ ఈ ఆకలి ఒకేలా ఉండదు. లింఫోమా (లింఫ్ గ్రంథుల క్యాన్సర్)లో చాలా రకాలు, ఊపిరితిత్తులు, తల-మెడ, అన్నవాహిక క్యాన్సర్లు, మెలనోమా బాగా వెలుగుతాయి. ప్రొస్టేట్ క్యాన్సర్, నెమ్మదిగా పెరిగే న్యూరోఎండోక్రైన్ కణితులు (హార్మోన్లు విడుదల చేసే కణాల్లో పుట్టేవి), కాలేయంలోనే పుట్టే క్యాన్సర్లలో కొన్ని, మూత్రపిండాల క్యాన్సర్లు, జిగురు ఎక్కువగా ఉండే కణితులు మసకగానే ఉండిపోవచ్చు. వీటిలో "పెట్‌లో ఏమీ లేదు" అన్న మాటకు "క్యాన్సర్ లేదు" అని అర్థం కాదు.

మూడోది, చోటు. మెదడు గ్లూకోజ్ మీదే బతుకుతుంది కనుక అది మొత్తం వెలుగుతుంది. ఆ వెలుగులో చిన్న మచ్చ కనిపించదు. ఎఫ్‌డీజీ మూత్రం ద్వారా పోతుంది కాబట్టి మూత్రాశయమూ అంతే. నాలుగోది, పరిమాణం. పెట్ యంత్రాల స్పష్టత సుమారు 4 నుంచి 6 మిల్లీమీటర్లు. ఊపిరితిత్తిలో 8 మిల్లీమీటర్ల కన్నా చిన్న గడ్డ వెలగకపోతే ధైర్యం తెచ్చుకోవడానికి అది ఆధారం కాదు.

ఇక చికిత్స ముగిసి ఎన్నాళ్లయింది, షుగర్ ఎంతుంది, మూత్రపిండాలు ఎలా ఉన్నాయి, ఒంట్లో లోహం ఏమైనా ఉందా, గంటసేపు కదలకుండా పడుకోగలరా అన్నవి. ఇవి చిన్న విషయాల్లా కనిపిస్తాయి కానీ స్కాన్‌ను పాడుచేసేవి ఎక్కువగా ఇవే.

## ఒక్క చూపులో

| ఎంపిక | బలం | పొరబడే చోటు |
|---|---|---|
| కాంట్రాస్ట్ సీటీ (రక్తనాళాలు తేలేలా మందు ఎక్కించి తీసేది) | వేగం, ఊపిరితిత్తుల చిన్న గడ్డలు, రక్తనాళాలు | మామూలు సైజు లింఫ్ గ్రంథిలో దాగిన రోగం, మచ్చకట్టిన కణజాలం |
| ఎమ్మారై | మెదడు, కాలేయం, కటి భాగం, ఎముక మజ్జ | ఊపిరితిత్తులు, కదలికలు |
| పెట్-సీటీ | ఒళ్లంతా ఒకేసారి, చికిత్సకు స్పందన | క్షయ, ఇన్ఫెక్షన్, చక్కెర తినని క్యాన్సర్లు |
| పెట్-ఎమ్మారై | పిల్లలు, కటి భాగం, కాలేయం | ఊపిరితిత్తుల చిన్న గడ్డలు, ఎక్కువ సమయం |
| స్పెక్ట్-సీటీ (గామా కిరణాలతో తీసే, పెట్ లాంటి స్కాన్) | ఎముకలు, థైరాయిడ్, క్యాన్సర్ మొదట చేరే లింఫ్ గ్రంథి | స్పష్టత తక్కువ |

## కాంట్రాస్ట్ సీటీ ఒక్కటే

దీన్ని పాతబడిపోయినదిగా చూడడం పొరపాటు. నిమిషాల్లో అయిపోతుంది, ఎక్కడైనా దొరుకుతుంది, కణితి రక్తనాళాన్ని చుట్టుకుందా లేదా అని శస్త్రచికిత్స చేసేవాళ్లు చూసుకునేది దీనిలోనే. దీని బలహీనత లింఫ్ గ్రంథుల దగ్గర బయటపడుతుంది. సీటీ గ్రంథిని ప్రధానంగా కొలతతో అంచనా వేస్తుంది. చిన్న అడ్డుకొలత 1 సెంటీమీటరు దాటితే సాధారణంగా అనుమానిస్తారు. 7 మిల్లీమీటర్ల గ్రంథిలో క్యాన్సర్ ఉండవచ్చు, 15 మిల్లీమీటర్ల గ్రంథి జలుబుకు వాచినది కావచ్చు. కొలబద్ద ఆ తేడా చెప్పలేదు.

చికిత్స తర్వాత ఈ ఇబ్బంది ఇంకా పెరుగుతుంది. జీఐఎస్‌టీ అనే జీర్ణకోశ కణితికి ఇమాటినిబ్ అనే మందు మొదలుపెట్టిన కొద్ది రోజుల్లోనే పెట్ చిత్రంలో వెలుగు ఆరిపోవడం చూస్తారు. సీటీలో అదే కణితి వారాల తరబడి అంతే సైజులో ఉంటుంది, ఒక్కోసారి కాస్త పెరిగినట్టు కూడా కనిపిస్తుంది. సైజునే నమ్ముకుంటే పనిచేస్తున్న మందును మాన్పించేస్తారు.

## ఎమ్మారై

మెదడు, వెన్నుపాము, పురీషనాళం, గర్భాశయ ముఖద్వారం, ప్రొస్టేట్: ఈ చోట్ల కణితి అంచు ఎక్కడిదాకా ఉందో చెప్పడంలో ఎమ్మారైకి సాటి లేదు. డిఫ్యూజన్ పద్ధతిలో తీస్తే కిక్కిరిసిన కణాల మధ్య నీటి కదలిక తగ్గడాన్ని కూడా పట్టుకుంటుంది, అంటే రూపంతోపాటు కొంత పనితీరు కూడా చూపుతుంది. మైలోమా (ఎముక మజ్జ క్యాన్సర్)లో ఒళ్లంతా తీసే ఎమ్మారై ఎముక మజ్జలోని మార్పును ఎముక అరగకముందే చూపగలదు. రేడియేషన్ లేదు. సొరంగంలో శబ్దం మధ్య పడుకోలేనివాళ్లకు, కొన్ని రకాల పేస్‌మేకర్లు ఉన్నవాళ్లకు కుదరదు. గాలితో నిండి ఎప్పుడూ కదిలే ఊపిరితిత్తుల్లోని చిన్న గడ్డల విషయంలో దీన్ని నమ్ముకోవద్దు.

## పెట్-సీటీ: ఎక్కువమంది ఆగేది ఇక్కడే

ఒకప్పుడు పెట్ ఒక రోజు, సీటీ మరో రోజు తీసేవారు. రోగి రెండుసార్లు రెండు రకాలుగా పడుకునేవాడు, పేగులు కదిలేవి. వైద్యులు రెండు ఫిల్ములను పక్కపక్కన పెట్టి ఇది అదేనా అని ఊహించేవారు. డేవిడ్ టౌన్‌సెండ్, రోనాల్డ్ నట్ రెంటినీ ఒకే యంత్రంలో పెట్టారు. 1998లో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో దాని నమూనా మొదలైంది. రోగి అదే బల్లమీద ఉండగానే బల్ల ఒక వలయంలోంచి మరో వలయంలోకి జరుగుతుంది. అంతకన్నా విశేషమేమీ లేదు, కానీ దానితోనే పని జరిగింది.

సీటీకి ఇక్కడ ఇంకో పని కూడా ఉంది. శరీరం లోపలి నుంచి వచ్చే కిరణాల్లో కొన్నిటిని ఒళ్లే పీల్చుకుంటుంది. ఎంత పీల్చుకుందో సీటీ చిత్రం నుంచి లెక్కగట్టి పెట్ చిత్రాన్ని సరిదిద్దుతారు. తుంటి కీలులో లోహం ఉంటే ఆ లెక్క తప్పి, దాని చుట్టూ లేని వెలుగు పుడుతుంది. అనుమానం వస్తే సరిదిద్దని చిత్రాన్ని కూడా తెరిచి చూడాలి. లోహపు మాయ అయితే అందులో ఆ వెలుగు ఉండదు.

దీని విలువకు ఆధారాలున్నాయి. డెన్మార్క్‌లో 189 మంది ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులపై జరిగిన అధ్యయనం 2009లో వెలువడింది. మామూలు పరీక్షలతో సరిపెట్టినవాళ్లలో 73 మందికి ఛాతీ తెరిస్తే 38 మందికి అది వృథా అయింది. పెట్-సీటీ కూడా తీసినవాళ్లలో 60 మందికి తెరిచారు, 21 మందికి వృథా అయింది. అయితే రెండు వర్గాల్లో మరణాలు దాదాపు సమానం. స్కాన్ అనవసరపు కోతను తప్పించింది, ఆయుష్షును పెంచలేదు. ఈ రెండో ముక్క చెప్పకుండా మొదటిదే చెప్పడం నాకు నచ్చదు.

బ్రిటన్‌లో 564 మంది తల-మెడ క్యాన్సర్ రోగులపై జరిగి 2016లో వెలువడిన అధ్యయనం మరీ స్పష్టమైనది. కీమో, రేడియేషన్ ముగిసిన 12 వారాలకు పెట్-సీటీ తీసి, అవసరమైతేనే మెడకు ఆపరేషన్ చేశారు. అలా చూసినవాళ్లలో 54 ఆపరేషన్లు జరిగాయి. ముందే నిర్ణయించి చేసిన వర్గంలో 221. రెండేళ్ల తర్వాత బతికున్నవాళ్ల శాతం మొదటి వర్గంలో ఏమీ తగ్గలేదు.

ఇక్కడే చాలామంది అడగని ప్రశ్న ఒకటుంది: పెట్‌తోపాటు తీసే సీటీ ఏ రకం? తక్కువ మోతాదు సీటీ చోటు గుర్తించడానికి, పెట్‌ను సరిదిద్దడానికి సరిపోతుంది. కాంట్రాస్ట్‌తో, పూర్తి మోతాదుతో తీసేది విడి సీటీతో సమానం. శస్త్రచికిత్స ఆలోచన ఉన్నవాళ్లు పూర్తి సీటీ అడగడం మేలు, లేకపోతే వారం తిరక్కుండా మళ్లీ సీటీకి వెళ్లాలి. ఈ మధ్యనే మంచి సీటీ తీయించుకున్నవాళ్లకు, మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవాళ్లకు తక్కువ మోతాదుదే చాలు. రేడియేషన్ లెక్కలోనూ తేడా పెద్దదే. ఎఫ్‌డీజీ వల్ల సుమారు 4 నుంచి 7 మిల్లీసీవర్టులు వస్తే, పూర్తి సీటీ ఒక్కటే దానికి రెట్టింపు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ కలపగలదు. పోలిక కోసం: ప్రకృతి నుంచి మనిషికి ఏడాదికి సగటున వచ్చేది రెండు మూడు మిల్లీసీవర్టులు.

ఇక పొరపాట్లు. వెలిగేదంతా క్యాన్సర్ కాదు. క్షయ, సార్కాయిడోసిస్ (గ్రంథులు, ఊపిరితిత్తులు వాచే ఒక జబ్బు), శస్త్రచికిత్స గాయం, రేడియేషన్ వల్ల రేగిన ఊపిరితిత్తి, అన్నీ వెలుగుతాయి. ఈ మధ్య టీకా వేయించుకున్న చేతివైపు చంక గ్రంథులు కూడా వెలుగుతాయి, కాబట్టి ఏ చేతికి, ఏ తేదీన వేయించుకున్నారో చెప్పాలి. తెల్లకణాలు పెంచే ఇంజెక్షన్ తీసుకుంటే ఎముక మజ్జ మొత్తం ప్రకాశిస్తుంది. అందుకే చికిత్సను మార్చేసే ఒంటరి మచ్చ ఏదైనా కనిపిస్తే, సూది గుచ్చి నిర్ధారించుకోకుండా ముందుకు పోకూడదు.

## పెట్-ఎమ్మారై

పాత పెట్ యంత్రాల్లో కాంతిని పట్టే గొట్టాలు అయస్కాంతం పక్కన పనిచేయవు. వాటి బదులు అర్ధవాహక (సెమీకండక్టర్) గ్రాహకాలు వచ్చాక, 2010 ప్రాంతం నుంచి, రెండు చిత్రాలనూ ఒకేసారి తీసే యంత్రాలు సాధ్యమయ్యాయి. ఒకదాని తర్వాత ఒకటి కాక ఏకకాలంలో తీయడం వల్ల మొదట చెప్పిన ఊపిరి గొడవ బాగా తగ్గుతుంది. సీటీ రేడియేషన్ ఉండదు, అందుకే మళ్లీ మళ్లీ స్కాన్లు అవసరమయ్యే పిల్లలకు ఇది దొరికితే నేను రెండో ఆలోచన లేకుండా దీనివైపే మొగ్గుతాను. కటి భాగపు క్యాన్సర్లు, కాలేయంలో మచ్చలు, కొన్ని మెదడు కణితుల దగ్గరా దీని మేలు కనిపిస్తుంది.

సమయం ఎక్కువ, యంత్రాలు తక్కువ. ఎమ్మారైలో ఎముక నుంచి సంకేతం దాదాపు రాదు కాబట్టి కిరణాల సవరణ లెక్క అక్కడ సీటీ అంత నికరంగా ఉండదు. ఊపిరితిత్తుల క్యాన్సర్ వాళ్లకు దీనివల్ల ఒరిగేది తక్కువ. పెట్-సీటీతోపాటు, అవసరమైన ఒక్క అవయవానికి మంచి ఎమ్మారై విడిగా దొరికితే చాలామంది పెద్దవాళ్లకు అది సరిపోతుంది. పెట్-ఎమ్మారై అందలేదని బాధపడవలసింది లేదు.

## చక్కెర తినని క్యాన్సర్లకు

యంత్రం మార్చడం కన్నా ట్రేసర్ (ఎఫ్‌డీజీలా ఒంట్లోకి ఎక్కించే పదార్థం) మార్చడం ఎక్కువ ఫలితమిస్తుందనడానికి ప్రొస్టేట్ మంచి ఉదాహరణ. ఆస్ట్రేలియాలో 302 మంది మగవాళ్లపై జరిగి 2020లో వెలువడిన అధ్యయనంలో, ముప్పు ఎక్కువున్న ప్రొస్టేట్ క్యాన్సర్‌ను తొలిసారి అంచనా వేయడంలో పీఎస్‌ఎంఏ (ప్రొస్టేట్ క్యాన్సర్ కణాల మీద ఎక్కువగా ఉండే ప్రోటీన్)ను వెతికే పెట్-సీటీ కచ్చితత్వం 92 శాతం, సీటీ, ఎముకల స్కాన్ కలిపి చూస్తే 65 శాతం వచ్చింది. న్యూరోఎండోక్రైన్ కణితులకు గాలియం-68 డోటాటేట్ అలాంటి ట్రేసరే. ఇందులో ఒక మెలిక ఉంది. ఈ రకం కణితి మొరటుగా మారినకొద్దీ డోటాటేట్ వెలుగు తగ్గి ఎఫ్‌డీజీ వెలుగు పెరుగుతుంది. అందుకే కొందరికి రెండు ట్రేసర్లతోనూ తీస్తారు.

స్పెక్ట్-సీటీ వీటికి పేదింటి చుట్టం లాంటిది. స్పష్టత తక్కువైనా, 6 గంటలకు సగమయ్యే టెక్నీషియం-99ఎంతో ఎముకల స్కాన్, రొమ్ము క్యాన్సర్ మొదట చేరే గ్రంథి గుర్తింపు, రేడియో అయొడిన్ తర్వాత థైరాయిడ్ పరిశీలన వంటివి దానితో చక్కగా జరుగుతాయి.

## ఎవరికి ఏది

లింఫోమా వాళ్లు పెట్-సీటీని వదులుకోకూడదు. చికిత్స తర్వాత ఛాతీలో మిగిలిన ముద్ద చచ్చిన పీచా, బతికున్న రోగమా అన్నది సీటీ చెప్పలేదు. పెట్‌లో దాన్ని ఛాతీ మధ్యలోని రక్తం, కాలేయం వెలుగులతో పోల్చి డోవిల్ కొలమానంలో 1 నుంచి 5 దాకా అంకె ఇస్తారు. మొదటి స్కాన్ చికిత్సకు ముందే తీయించాలి. పోల్చడానికి ముందు చిత్రం లేకపోతే ఆ అంకె సగం బలం కోల్పోతుంది.

చికిత్స ముగిసినవాళ్లకు తొందర పనికిరాదు. కీమో తర్వాత కనీసం మూడు వారాలు, వీలైతే ఆరు నుంచి ఎనిమిది, రేడియేషన్ తర్వాత దాదాపు మూడు నెలలు ఆగాలి. అంతకుముందు తీస్తే మానుతున్న గాయం రోగంలా వెలుగుతుంది. భయంతో ముందుగా తీయించుకున్న స్కాన్ కొత్త భయాన్నే ఇస్తుంది.

మధుమేహం ఉన్నవాళ్లకు పెట్ కుదరదని కాదు, కానీ ఏర్పాటు కావాలి. రక్తంలో చక్కెర 200 మిల్లీగ్రాములు దాటితే అది ఎఫ్‌డీజీతో పోటీ పడుతుంది. సరిగ్గా ముందు ఇన్సులిన్ తీసుకుంటే ట్రేసర్ కండరాల్లోకి పోయి కణితి వెలవెలబోతుంది. మెట్‌ఫార్మిన్ పేగులను వెలిగిస్తుంది. వైద్యుడు సరేనంటే రెండు రోజుల ముందు ఆపుతారు. గర్భిణులకు సాధ్యమైనంతవరకు ఎమ్మారై, అదీ కాంట్రాస్ట్ లేకుండా.

పెట్ ఏ రకమైనా, ఎఫ్‌డీజీ ఎక్కించాక గడిపే గంట మీ చేతుల్లో ఉంటుంది. నాలుగు నుంచి ఆరు గంటల ఖాళీ కడుపుతో, ముందురోజు వ్యాయామం లేకుండా వెళ్లాలి. సూది వేశాక మసక వెలుతురు గదిలో దుప్పటి కప్పుకుని కదలకుండా పడుకోవాలి. చలి వేస్తే మెడ దగ్గరి గోధుమరంగు కొవ్వు వెలుగుతుంది. ఎక్కువ మాట్లాడితే స్వరపేటిక కండరాలు, చూయింగ్ గమ్ నమిలితే దవడ కండరాలు. మెడ క్యాన్సర్ ఉన్న మనిషి ఆ గంటంతా ఫోనులో మాట్లాడితే రిపోర్టు రాసేవాళ్లకు తలనొప్పి.

తర్వాతి స్కాన్ వీలైనంతవరకు అదే యంత్రం మీద, ట్రేసర్ ఎక్కించాక అంతే సేపు ఆగి తీయించుకోండి. ట్రేసర్ ఎంత పోగైందో చెప్పే ఎస్‌యూవీ అనే అంకె 4.1 నుంచి 4.6 అయిందంటే రోగం పెరిగిందని కాదు. ఈసారి పావుగంట ఎక్కువ ఆగి ఉండవచ్చు. ఇంటికొచ్చేటప్పుడు ఫిల్ము ఒక్కటే తీసుకుని రాకండి, చిత్రాలన్నీ ఉన్న డిస్కు అడిగి తెచ్చుకోండి. ఫిల్ము మీద స్లైసులు కదలవు. కాలేయంలోని చుక్క ఊపిరితిత్తిలో అచ్చయితే, మరో వైద్యుడికి దాన్ని కిందికి జరిపి చూసే వీలుండదు.